రానన్న ఎగ్జామినర్

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది నేను కంది అనే ఊరి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. సెమిస్టర్ చివర్లో హాస్టల్లో ఒకమ్మాయికి జ్వరం వచ్చింది. ప్రిన్సిపాల్ హడావిడిగా హాస్టల్ ఖాళీ చేయించి, ప్రాక్టికల్స్ వాయిదా వేశారు. రెండు రోజులకు అది మామూలు జ్వరమేనని తేలింది. సోమవారమే ప్రాక్టికల్స్, అందరినీ పిలవమన్నారు. ఇంటింటికీ ఫోన్లు చేసి నా గొంతు పోయింది.

సోమవారం పిల్లలంతా వచ్చాక, హైదరాబాద్ నుంచి రావలసిన ఎగ్జామినర్ ఫ్లూకి భయపడి రానన్నాడు. మళ్లీ వాయిదా అని బోర్డు మీద రాయమన్నారు ప్రిన్సిపాల్. రాస్తుంటే, కూతురిని స్కూటర్ మీద తెచ్చిన ఒక రైతు దగ్గరకొచ్చాడు.

"ఏంది మేడం, పొమ్మంటిరి, పోయినం. రమ్మంటిరి, వరికోత ఇడిసిపెట్టి వచ్చినం. మల్ల పొమ్మంటున్రా?"

"నా చేతుల్లో ఏముందన్నా?"

"గట్లంటే ఎట్ల? పరీక్ష అయితేనే పోత," అని మెట్ల మీద కూర్చున్నాడు. ఇంకో నలుగురు తండ్రులు అతని పక్కన చేరారు.

నాకూ ఓపిక చచ్చిపోయింది. ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, "నేను రాయను సార్, మీరే వచ్చి చెప్పండి," అన్నాను. ఆయన కిటికీలోంచి మెట్లవైపు చూసి, యూనివర్సిటీకి ఫోన్ చేశారు. అరగంటలో మా డిపార్ట్‌మెంట్ హెడ్డునే ఎగ్జామినర్‌గా పెట్టడానికి వాళ్లను ఒప్పించారు. ఈ ఫోనేదో పొద్దున్నే చేసి ఉండవచ్చు కదా!

సాయంత్రానికి ప్రాక్టికల్స్ అయిపోయాయి. ఆ రైతు వెళ్తూ అడిగాడు: "రాత పరీక్షలన్న చెప్పిన రోజే ఉంటయా?"

"నాకు తెలియదన్నా," అన్నాను. నిజంగానే తెలియదు.