పంపులకు జాతకాలు రాసిన రోజులు

పోయిన వారం మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు లోకంలోని వస్తువులను కంప్యూటరులో రకాలుగా అమర్చే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ మోడలింగ్ అంటే ఏమిటో చెప్పమని నన్ను నిలబెట్టారు. ముప్పై నాలుగేళ్లకే పెద్దమనిషి హోదా దక్కిందని సంతోషించేలోపు, వెనక కూర్చున్న అమ్మాయి నిజ జీవితంలోంచి ఉదాహరణ అడిగింది. అందరూ చెప్పే కారు ఉదాహరణే చెప్పి గట్టెక్కాను గానీ, మనసు మాత్రం పెనుబల్లి దాటాక రోడ్డు పక్కనుండే ఒక రేకుల షెడ్డుకు పోయింది. మన ఈడువాళ్లకు తెలుసు, మొదటి ఉద్యోగం ఎంత అధ్వానమైనదైతే అంత బాగా గుర్తుంటుంది.

బొగ్గు గనుల్లో నిలిచే నీళ్లు తోడే పంపులను అక్కడ బాగుచేసేవారు. నన్ను చేర్పించింది ఆ షెడ్డు మేస్త్రి, మా అమ్మకు వరుసకు అన్న. ఆ ఏడే మామకు అరవై నిండుతున్నాయి, పద్ధతి ప్రకారం ఇంటికి పోవాలి. ఏ పంపుకు ఏం జరిగిందో తనకొక్కడికే తెలుసు గనుక యజమాని తనను వదులుకోడని ఆయన ధీమా. మామ ఇంట్లో కూర్చుంటే రెండు రోజుల్లో పిచ్చెక్కుతుందని అత్తయ్య భయం; ఎక్కేది తనకేనని కూడా ఆమె స్పష్టంగా చెప్పేది.

నా పని ప్రతి పంపుకూ పుట్టుక నుంచి పాతసామాను దాకా కంప్యూటరులో చరిత్ర కట్టడం. పంపు అనేదాన్ని ఒక మూసగా పెట్టుకుని, అందులోంచి బురద పంపు, మంచినీళ్ల పంపు అంటూ రకాలు తీసి, తల్లి పోలికలు పిల్లలకు వచ్చినట్టు ఉమ్మడి లక్షణాలు వాటికి అందేలా రాసి, షెడ్డులోని ఒక్కొక్క పంపునూ దాని నంబరుతో ఎక్కించాను. ఆ రకాలన్నీ గీసి నేను గోడకంటించిన గడుల పటం చూసి మామ, "పంపులకు గూడ జాతకాలు రాస్తున్నవా అల్లుడా? పెండ్లి గిట్ల జేస్తవా ఏంది?" అన్నాడు.

మూడు నెలలకు యజమాని నా లెక్క చూపించడానికి గని ఆఫీసరును తీసుకొచ్చి, పదిహేడో నంబరు పంపు విప్పించాడు. నా తెర మీద పంపు పైతొడుగు, అంటే కేసింగ్, పాతది, మోటారు కొత్తది. బల్ల మీద మోటారు పాతది, కేసింగ్ నిగనిగలాడుతోంది. తేలిందేమిటంటే, అర్జెంటు పని వచ్చినప్పుడల్లా మామ, షెడ్డువాళ్లు ఒక పంపు మోటారు తీసి ఇంకో కేసింగులో బిగించి, నంబరు రేకు కూడా విప్పి మోటారు వెంటే పంపేవారు. నేనేమో నంబరు కేసింగుదనుకున్నాను.

"పాణం మోటార్ల ఉంటది గాని డొక్కుల ఉంటదార? కేసింగంటే అంగి. అంగి మారిస్తే మనిషి పేరు మారుతదా?" అని మామ అమాయకంగా అడిగి, ఆ మోటారు ఎన్ని అంగీలు మార్చిందో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆఫీసరు కాగితం తీసి రాసుకున్నాడు. యజమాని నన్ను పాతసామాను కుప్పను చూసినట్టు చూశాడు.

"ఒక్క నెల ఇయ్యుండ్రి సార్. నేన్ జెప్త, వాడు రాస్కుంటడు," అన్నాడు మామ.

ఆ నెలంతా ఆయన చెప్పాడు, నేను రాశాను. మోటారు, కేసింగు, షాఫ్టు, దేనికదే ఒక వస్తువు, దేని నంబరు దానిది; పంపు అంటే అవన్నీ కొన్నాళ్లు కలిసి చేసే కాపురం. మధ్యమధ్య చర్ల అడవి దారిలో పంపుల లారీ దిగబడి, రెండు రోజులు డ్రైవరు వంటే తినాల్సి వచ్చిన కథ కూడా వచ్చేది. దానికి నా మోడల్లో గడి లేదు.

రెండోసారి ఆఫీసరు ఐదు పంపులు విప్పిస్తే ఐదూ సరిపోయాయి. ముందుగా చప్పట్లు కొట్టింది మామే. తరువాతి వారం యజమాని ఆయన్ను పిలిచి, అంతా కంప్యూటరులో ఉంది గదా, ఇక హాయిగా ఉండమని చెప్పి, మే నెల ఎండలో శాలువా కప్పాడు. బస్సెక్కేముందు మామ నాతో అన్నది ఒకటే మాట, "మంచిగ రాసినవ్‌రా."

ఇప్పుడక్కడ పంపుకు ఫోను చూపిస్తే అర నిమిషంలో చరిత్రంతా వస్తుందట. వెనకటికి అదే తెలియాలంటే మామ పక్కన కూర్చుని, చాయ్ తాగి, లారీ కథ ఇంకోసారి వినాల్సి వచ్చేది. ఆదా అయిన ఆ సమయమంతా ఎవరికి చేరిందో గానీ, నాకైతే రాలేదు. నేనూ ఆ షెడ్డు వదిలేసి ఏళ్లయింది, పాస్‌వర్డూ మార్చేశారు. మామ ఉండే బోనకల్ వెళ్లినప్పుడల్లా ఫలానా మోటారు ఇప్పుడు ఏ గనిలో ఉందని ఆయన అడుగుతాడు. నోటికొచ్చిన గని పేరు చెబుతాను. ఆయన కాసేపు ఆలోచించి, అక్కడ బురద ఎక్కువ, దాని షాఫ్టు ఎక్కువ రోజులు ఆగదు, వాళ్లకొక మాట చెప్పమంటాడు. చెబుతానంటాను.