కొబ్బరి చిప్పల్లో భాగహారం

మా పెద్ద టీచరు గారు పోయారన్న కబురు నాకు బడిలోనే తెలిసింది. మధ్యాహ్న భోజనం ఫోటోలు ఫోనులో ఎక్కించాలని, సిగ్నల్ కోసం మెట్ల మీద నిలబడి ఉన్నాను. వంటావిడ గరిటె చేత్తోనే వచ్చి, "ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరంటండీ, తెల్లారగట్ల నిద్దట్లోనేనంట" అంది. "ఆయ్" అన్నాను. ఫోటోలు ఎక్కేదాకా అలాగే నిలబడ్డాను. ఈ మధ్య నీరసం ఎంతగా పట్టేసిందంటే, ఏడుపు కూడా వాయిదా పడుతోంది.

మామిడికుదురు దగ్గర మా చిన్న బడిలో ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. అయినా ఏటా నాలుగో తరగతికి భాగహారం మొదలుపెట్టే రోజున ఆటో దిగేవారు. వచ్చీ రాగానే బీరువా మీది సంచి దింపించేవారు. అందులో పీచు గీకి నున్నగా చేసిన కొబ్బరి చిప్పలు, ఒక డబ్బా నిండా చింతపిక్కలు. కుర్చీ వేస్తే, "అది మీరుంచుకోండమ్మా, భాగహారం కింద కూర్చుంటేనే వస్తుంది" అని నన్ను దెప్పి, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు.

పన్నెండు పిక్కలు, నాలుగు చిప్పలు. తిప్పుతూ ఒక్కొక్కటే వేయాలి. ఎవడైనా ఒక చిప్పలో రెండేస్తే చెయ్యి పట్టుకునేవారు. "బంతిలో ఒకళ్ళకి రెండు బూరెలేసి పక్కోళ్ళకి మొండిచెయ్యి చూపిస్తే ఊరుకుంటారేంట్రా?" పంచడం అయ్యాక చిప్పలకి బదులు నేల మీద సుద్దముక్కతో సున్నాలు, పిక్కలకి బదులు చుక్కలు. భాగహారం గుర్తు ఆ తర్వాత ఎప్పటికో వచ్చేది. "చేతికి తెలిసింది బుర్ర మర్చిపోదండీ" అనేవారు. నాకేమో సిలబస్ తొందర. లోపల విసుక్కునేదాన్ని, పైకి నవ్వేదాన్ని.

ఒక ఏడాది ఒక పిల్ల పంచడానికి ముందే ఒక పిక్క తీసి పక్కన పెట్టింది. చివరి చిప్పకి ఒకటి తగ్గింది. అదేంటమ్మా అంటే, "ప్రథమ ఫలమండీ. మా ఇంట్లో కాయలు దింపితే ముందు చర్చికి తీస్తారండీ" అంది. పక్కనున్న రైతుల పిల్లాడు ఊరుకుంటాడా! "మేం కూడా ముందు నైవేద్యం పెడతామండీ" అని వాడూ ఒకటి తీశాడు. చూస్తుండగానే తరగతంతా తీయడం మొదలెట్టింది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషి ఆవిడ, అయినా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "అందరి దేవుళ్ళకీ తీసేస్తే పిల్లలకి ఉత్త చిప్పలే మిగుల్తాయర్రా. ముందు పిల్లలకి పంచండి. దేవుడేం అనుకోడు, నేను చెప్తాను కదా."

ఈ ఏడు నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. భాగహారం గుర్తు కనబడితే చాలు, తల దించేసుకుంటుంది. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఇక ఈ పిల్ల ఇలాగే పై తరగతికి పోతుందనీ, అక్కడ ఎవరికీ తీరిక ఉండదనీ దిగులేసి ఆవిడకి ఫోన్ చేశాను. "సోమవారం నేనొస్తాను లెండి. చిప్పలు దులిపి ఉంచండి" అన్నారు. గొంతులో ఆయాసం వినబడింది. రావద్దనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ అవసరం నాకు అంతగా ఉంది.

సోమవారం రాకుండానే సమాధి కార్యక్రమం అయిపోయింది.

ఆవిడ ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక మర్నాడు బడికి వెళ్ళాను. రెండు తరగతులకి నేనొక్కదాన్నే. ఎక్కాలు అప్పచెప్పించేసి ఊరుకుందామనుకున్నాను. ఆ పిల్ల మాత్రం బీరువా మీదికే చూస్తోంది. టీచరు గారొచ్చి చిప్పలు తీస్తారని నేనే చెప్పి ఉన్నాను మరి. సంచి దింపాను. మోకాళ్ళు పట్టుకుని, గోడ ఆసరాతో ఎలాగోలా కింద కూర్చున్నాను.

ఆ పిల్ల పన్నెండు పిక్కలు లెక్కపెట్టుకుంది. ఒకటి తీసి పక్కన పెట్టింది. మిగతావి తిప్పుతూ ఒక్కొక్కటే వేసింది. నాలుగో చిప్ప దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఒకటి తగ్గిందండీ."

"మరి ఆ పక్కనున్నది?"

"పెద్ద టీచరు గారికండీ."

"ముందు పిల్లలకి పంచమ్మా" అన్నాను. ఆవిడ మాట నా నోట్లోంచి వచ్చింది, ఆవిడ గొంతు మాత్రం రాలేదు.

ఆ పిల్ల ఆ పిక్క తీసి నాలుగో చిప్పలో వేసింది. ఒక్కో చిప్పనీ వేలితో కదిపి చూసుకుంది. "మూడేసి! అన్నిట్లోనూ మూడేసండీ!" అంటూ తలెత్తింది.

అంతలోనే చిప్పల పక్కన ఖాళీ అయిన నేల వైపు చూసింది.

"మరి టీచరు గారికి ఏం మిగల్లేదు కదండీ?"