పల్లవిని టీవీ దాకా తీసుకెళ్లిన మాస్టరు

మదనపల్లెలో స్కూలు వ్యాను నడిపే మునిశేఖర్, సాయంత్రాలు డాన్సు మాస్టరు. బట్టల కొట్టు పైనున్న హాల్లో పిల్లలకు నేర్పుతాడు. చిన్నప్పుడు పుంగనూరు జాతరలో డాన్సులు చూసి పట్టుకున్న విద్యే గానీ, అతనికి గురువు లేడు. తన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒక్కరైనా టీవీ పోటీలో ఆడాలని ఏళ్ల తరబడి ఆశ.

ఆ ఆశ పల్లవి తీర్చింది. కురబలకోటలో గొర్రెలు పెంచే చిన్నస్వామి కూతురామె, తొమ్మిదో తరగతి చదువుతోంది. హైదరాబాదులో జరిగిన ఆడిషన్లో నెగ్గింది.

కొన్నాళ్లకు టీవీవాళ్లు పల్లవి కుటుంబాన్ని షూట్ చేయడానికి ఊరికొచ్చారు, మునిశేఖర్ కూడా వెంట ఉన్నాడు. పేదరికం చూపిద్దామని వచ్చినవాళ్లకు, చిన్నస్వామి రంగులేసిన మిద్దె చూసి ఉత్సాహం తగ్గింది.

"గొర్రెల దొడ్డిలో తీద్దాం. పాప అక్కడే పడుకుంటుందని చెప్పి నాన్నగారు కాస్త ఏడిస్తే చాలు" అన్నాడు డైరెక్టరు.

చిన్నస్వామి మునిశేఖర్‌ను పక్కకు పిలిచాడు.

"ఇంత ఇల్లు కట్టుకోని ఉండాము. దొడ్లో ఉండామని యాల సెప్పల్లప్పా?"

"ఏడిస్తే టీవీ సూసేవాళ్ల ఓట్లు పడతాయన్నా. అందరూ సేసేదే."

"ఊర్లో అందరికీ తెలుసు గదా. రేపు బడికి పోతే పాప మొగం యాడ పెట్టుకుంటాది?"

మునిశేఖర్ పల్లవి వైపు చూశాడు. అన్నీ వింటూ అరుగు మీద కూర్చుంది. అతను డైరెక్టరు దగ్గరికి వెళ్లాడు.

"దొడ్డి వద్దు సార్. ఇంటి ముందరే తీయండి."

"మరి జనాలకు ఏం చూపించమంటారు?"

"పాప డాన్సు సూపించండి సార్."

ప్రసారంలో ఆ ఇల్లు కనిపించీ కనిపించకుండా పోయింది. మూడో రౌండులో పల్లవి వెనుదిరిగింది. అదే రోజు వేరే పిల్లవాడి తల్లి స్టేజీ మీద ఏడ్చింది. అవి నిజం కన్నీళ్లే కావచ్చని మునిశేఖర్‌కు అనిపించింది.

తిరుగు బస్సులో పల్లవి అడిగింది. "నాయన ఏడ్చింటే గెలిచేదాన్నా మాస్టర్?"

"తెలీదమ్మా. రెండో పాటలో తాళం తప్పినావు, అదొక్కటే తెలుసు."

పల్లవి కాసేపు అలిగి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత, ఎక్కడ తప్పిందో చూపించమంది. ముందు సీటు వీపు మీద వేళ్లతో తాళం కొట్టి చూపించాడు.

మాస్టరు దొడ్డి వద్దన్నందుకే పల్లవి ఓడిందని, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు పిల్లల్ని వేరే డాన్సు క్లాసుకు మార్చారు. తను చేసింది సరైందేనా అని మునిశేఖర్ ఇప్పటికీ ఆలోచిస్తుంటాడు. మొన్న కుప్పంలో ఒక బడి వార్షికోత్సవానికి పల్లవిని పిలిచారు. చిన్నస్వామి ముందు వరసలో కూర్చుని, కూతురు ఆడినంతసేపూ మురిపెంగా నవ్వుతూనే ఉన్నాడు.