వందన సమర్పణ చేసే మనిషి

సేవా క్లబ్బు వారం వారం జరిపే సమావేశంలో ఆఖరి మాట కళ్లద్దాల షాపాయనదే. ఎవరు ప్రసంగించినా వందన సమర్పణ ఆయనే చెయ్యాలి. మైకు బాగానే ఉన్నా రెండుసార్లు తట్టి, జేబులోని మెత్తటి గుడ్డతో తన అద్దాలు తుడుచుకుని మొదలుపెడతాడు. కాగితం అక్కర్లేదు. కుర్చీలు వేసినవాళ్ల దగ్గర్నుంచి టీ పోసిన ఆవిడ దాకా ఒక్కరినీ వదిలిపెట్టడని పేరు.

ఈ వారం వక్త ఊళ్లో పోలీసులందరికీ పై అధికారి. విషయం 'పోలీసులు ప్రజల మిత్రులు'. గొంతు మెత్తన, మాట మర్యాద. మొన్న పొద్దున ఆ అధికారి మనుషులే షాపాయన బావమరిదిని విచారణకని తీసుకెళ్లారు. ఇంకా పంపలేదు, చూడనివ్వనూ లేదు. "మీరు ఆయన పక్కనే కూర్చుంటారుగా, తమ్ముడి సంగతి ఒక్క మాట అడగండి," అంది భార్య, బయల్దేరేముందు. పక్కనే కూర్చున్నాడు. బిస్కెట్ల పళ్లెం రెండుసార్లు అధికారి వైపు జరిపాడు గానీ బావమరిది మాట ఎత్తలేదు. వంతు వచ్చాక మైకు తట్టాడు, అద్దాలు తుడిచాడు, కుర్చీల వాళ్లకూ టీ ఆవిడకూ వందనాలు చెప్పాడు. తర్వాత అధికారి వైపు తిరిగి, ఒకసారి చూసి, ఆయనకు వందనం చెప్పకుండానే వచ్చి కూర్చున్నాడు. అధ్యక్షుడు ఒక్క ఉదుటున మైకందుకుని, "అసలు మనిషినే మర్చిపోయారు, వయసు మరి," అని నవ్వేశాడు. అధికారీ నవ్వి, షాపాయన భుజం తట్టాడు.

ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉంది భార్య. "అడిగారా?"

ఆయన వంగి చెప్పులు విప్పుకుంటూ, "మర్చిపోయాను," అన్నాడు.