బెత్తెడు తక్కువైన టాపు

పోయిన నెలలో ఒక ఉదయం గుడివాడ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావగారూ, అమ్మ పోయిందండీ. నిద్రలోనే పోయింది" అన్నాడు. ఆ వెంటనే, "కారు గేటుకి అడ్డంగా ఉందండీ. జనం వస్తారు కదా. నా చేతిలో అది స్టార్ట్ అవదు. మీరు త్వరగా రండి" అన్నాడు. బందరు నుంచి గుడివాడ దాకా ఏడుస్తూనే వెళ్లాను. మధ్యమధ్యలో ఆ కారు చోక్ ఎంత దాకా లాగాలో గుర్తు చేసుకుంటూనే ఉన్నాను.

మా అత్తగారి పేరు చెబితే గుడివాడలో చాలామందికి తెలియకపోవచ్చు. టాపు తీసిన కారులో వెళ్లే పెద్దావిడ అంటే మాత్రం అందరికీ తెలుసు.

నిజానికి ఆ కారు మా మావగారిది. ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు, ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు. ఒకటి మావగారిది, రెండోది ఆయన పేకాట స్నేహితుడిది. సంసారం మొత్తంలో ఆ రెండో సీటు తనకోసం ఒక్కసారీ ఖాళీ కాలేదని అత్తగారు నవ్వుతూ చెప్పేవారు. పెళ్లిళ్లకి ఆవిడ బస్సులో వెళ్తే, కారు ముందే చేరి ఉండేది. మావగారు పోయినప్పుడు ఆ స్నేహితుడు పరామర్శకు వచ్చి, అలవాటు కొద్దీ షెడ్డులోకి వెళ్లి తన సీట్లో కూర్చుని ఏడ్చాడు. అత్తగారు కాఫీ అక్కడికే పంపించారు.

అప్పటికే కారు గుడ్డ టాపుని ఎలుకలు కొరికేశాయి. బావమరిది అమ్మేద్దామన్నాడు. హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి చూసి కూడా వెళ్లారు.

"అలాగే నాయనా. టాపు వేయించి, ఒక్కసారి పాలకాయతిప్ప దాకా నడుపుకెళ్లి వచ్చి ఇచ్చేస్తాను" అన్నారు అత్తగారు.

"నడిపేదెవరమ్మా?"

"నేనే. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంటున్నాగా."

రోజూ సాయంత్రం భజనకని వెళ్తున్నది అక్కడికేనని అప్పుడు తెలిసింది. ఎక్కడో కోడూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న పాలకాయతిప్పే ఎందుకని అడిగాను. "మీ మావగారూ ఆ స్నేహితుడూ వారం వారం అక్కడికే వెళ్లేవారు. అక్కడ ఏముందో నేనూ చూడాలి కదండీ" అన్నారు.

అలాంటి కార్లకి కొత్త టాపులు కుట్టి అమ్మే వాళ్లు ఇంగ్లండులో ఉన్నారు. అక్కడి నుంచి పార్శిల్ మా బందరు అడ్రసుకి వచ్చింది. బిగించడానికి బందరులోనే ఆటోలకి టాపులు వేసే భాయ్‌ని గుడివాడ తీసుకెళ్లాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం లేదండీ. ఇదీ ఆటోనే. ఒక చక్రం ఎక్కువ" అన్నాడు.

పార్శిల్‌తో వచ్చిన కాగితం అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. బిగించే ముందు టాపుని కాసేపు ఎండలో పరిస్తే మెత్తబడి బాగా సాగుతుందని అందులో ఉంది. అది రాసినవాళ్ల ఎండ వేరు, గుడివాడ మే నెల ఎండ వేరు. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. డాబా మీద మినప వడియాల పక్కనే టాపుని పరిచారు. మధ్యాహ్నానికి అది అప్పడాల పిండిలా తయారైంది. దించేటప్పుడు దానికి రెండు వడియాలు అంటుకుని వచ్చాయి.

ముందుగా వెనకవైపు టిచ్ బటన్లు పెట్టి, ఇనప కమ్ముల మీదుగా ముందు అద్దం దాకా లాగాలి. భాయ్ లాగిన కొద్దీ అది వస్తూనే ఉంది. "ఎంత మంచి గుడ్డండీ" అని ఆయన మురిసిపోయాడు. అద్దం దాటి బెత్తెడు మిగిలింది. దాన్ని కోసేయాలన్నాడు. నేను ప్లీడర్ని కాబట్టి, రేపు చూసుకుని కోద్దామన్నాను.

"వద్దండీ అల్లుడు గారూ. అనుమానంతో కోస్తే అంచు వంకర వస్తుంది" అన్నారు అత్తగారు. భాయ్ సుద్దముక్కతో గీత గీసి, కోసి, గమ్ము రాసి బిగించాడు. కొక్కేలు టక్కున పడ్డాయి. టాపు డోలులా మోగింది. అత్తగారు దాని మీద వేళ్లతో చిన్న దరువు కూడా వేశారు.

జూన్‌లో ఒక ఆదివారం బయల్దేరాం. ఆవిడ స్టీరింగ్ దగ్గర, నేను పేకాట స్నేహితుడి సీట్లో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని. పామర్రు, చల్లపల్లి దాటాం. ప్రతి గేదెకీ హారన్ కొట్టి, దాటాక క్షమించమని చెయ్యెత్తేవారు. అవనిగడ్డలో కాఫీ తాగాక, "ఇక టాపు తియ్యండి" అన్నారు. కొక్కేలు విప్పగానే టాపు చప్పుడు చేస్తూ వెనక్కి తన్నింది. అది నాకు నచ్చలేదు. ఆవిడకి నచ్చింది.

పాలకాయతిప్పలో సముద్రం, ఇసుక, గాలి, ఎండబెట్టిన చేపలు ఉన్నాయి. అత్తగారు చాలాసేపు నిలబడి చూశారు. "ఇంతేనా" అన్నారు. ఇంకాసేపు చూసి, "బావుంది. నాకు చెప్పి ఉండాల్సింది" అన్నారు. కళ్లు తుడుచుకున్నారో, ఇసుక పడిందో నేను అడగలేదు.

అంతలో మబ్బు కమ్మి వాన మొదలైంది. టాపు వేయబోతే అద్దానికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఎండకి సాగిన గుడ్డ చల్లగాలికి మళ్లీ ముడుచుకుపోయింది. కోసేసిన ముక్క గుడివాడలో చెత్తబుట్టలో ఉంది. ఒడ్డున వల సర్దుకుంటున్న నలుగురు వచ్చి తలో చెయ్యి వేశారు. లయగా లాగారు. టాపు రాలేదు, కారే ముందుకొచ్చింది. "వలయితే వస్తుందండీ. దీంట్లో ఏం పడిందో" అన్నాడు ఒకాయన.

పక్కన చేపల గంపతో నిలబడిన ఆవిడ, అత్తగారి ఈడే ఉంటుంది, నవ్వాపుకోలేక, "ఎలాగూ తడిసిపోయారు గదమ్మా. ఇప్పుడింక దానికి టోపీ ఎందుకు" అంది.

అత్తగారికి ఆ మాట నచ్చింది. ఆవిడ దగ్గర చేపలు కొని నా కాళ్ల దగ్గర పెట్టించి, కారు తీశారు. కోడూరు దాకా కుండపోత. నేను గొడుగు పట్టాను. గాలికి అది తిరగబడింది. "మూసెయ్యండి బాబూ, అద్దంలో వెనక బస్సు కనపడటం లేదు" అన్నారు. ఆ బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి మమ్మల్నే చూస్తున్నారు. నా కాళ్ల దగ్గర నీళ్లు పెరిగి, చేపలు అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాయి.

గేటు దగ్గర బావమరిది టవల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అమ్మా, చూసొచ్చావుగా. రేపే వాళ్లకి ఫోన్ చేస్తాను" అన్నాడు కోపంగా.

"చెయ్యి నాయనా. ముందు కారు ఆరనీ" అన్నారు ఆవిడ, చీర కొంగు పిండుకుంటూ.

ఆ తర్వాత ఎప్పుడడిగినా సీటు మీద చెయ్యి వేసి చూసి, "ఇంకా కొంచెం తడి ఉంది" అనేవారు. కోర్టులో వాయిదాలు ఎన్నో చూశాను గానీ అలాంటి వాయిదా చూడలేదు. ఏళ్లు గడిచాయి. భాయ్ ముందువైపు వేరే గుడ్డ అతికి సరిచేశాడు. ఆవిడ మాత్రం టాపు వేసుకుని తిరగలేదు.

ఈమధ్య చూపు తగ్గాక స్టీరింగ్ నాకిచ్చారు. మొన్న శీతాకాలం పెదపారుపూడి వైపు వెళ్లాం. పొలాల్లో కోత మిషన్లు నడుస్తున్నాయి, గాలికి వరి పొట్టు రోడ్డు మీదికి ఎగిరి వస్తోంది. పక్క సీట్లో అత్తగారు నిద్రపోయారు. తెల్లజుట్టు నిండా, ఒడి నిండా, ముడుచుకున్న వేళ్ల మీదా బంగారు రంగు పొట్టు పడుతూనే ఉంది. నేను కారు ఆపి దులపబోయాను. ఆవిడ కళ్లు తెరవకుండానే, "ఉండనివ్వండి, కారు పోనివ్వండి" అన్నారు.