బావ ‘చూసిన’ గిటార్

బావకి కొత్త వస్తువు కనబడితే చాలు, చేతులు దురద. విప్పి చూడందే ముద్ద దిగదు. మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె, పక్కింటివాళ్ళ తలుపు గొళ్ళెం, ఏదైనా సరే. జేబులో పెన్నుండాల్సిన చోట స్క్రూడ్రైవరుంటుంది. పట్టుబడితే మాత్రం ఒకటే మాట: “విప్పట్లేదురా, చూస్తున్నా!”

అలాంటి మనిషి రోజూ వచ్చి కూర్చునేది బావమరిది నడిపే సంగీత వాద్యాల కొట్లో. ఆయన గుమ్మం ఎక్కగానే బావమరిది చేతిగడియారం తీసి జేబులో దాచేస్తాడు. అక్క మొగుడాయె, పొమ్మనలేడు.

ఆ కొట్లోకి ఓ ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది. యాభై ఏళ్ళ కిందట కుర్రకారుని ఊపేసిన గిటారుని, దాని జ్ఞాపకార్థం కంపెనీవాళ్ళు అచ్చుగుద్దినట్టు మళ్ళీ చేశారు. అదే తేనెరంగు, అవే మీటలు. తీగలు కూడా అప్పట్లాగే బిరుసుగా, మెడకి ఎత్తుగా ఉన్నాయి; గట్టిగా నొక్కితేగాని పలకవు. కొట్టుకి దక్కింది ఒక్కటే.

అది బ్యాండు మాస్టారి కోసం. ఆయన పాత గిటారు ఏనాడో వాననీళ్ళలో నానిపోయింది. ఆ తర్వాత ఏదీ నచ్చలేదు. వారం వారం కొట్టుకొచ్చి ఒకటి తీస్తాడు, రెండుసార్లు మీటి, “నాదం లేదయ్యా” అని పెట్టేస్తాడు. ఈసారి గట్టిగానే చెప్పాడు: “ఎవరి చెయ్యీ పడనిది కావాలి. ఇదీ బాలేదంటే ఇక ఈ జన్మకి గిటారు మాటెత్తను.”

“బావా, నీకు దండం పెడతా. సాయంత్రం దాకా ఆ పెట్టె జోలికెళ్ళకు.”

“నాకేం పనిరా!”

బావమరిది టీ తాగి వచ్చేసరికి పెట్టె ఖాళీ. గిటారు బల్లమీద వెల్లకిలా పడుంది. తీగల్లేవు, మెడ ఊడింది, స్క్రూలు సాసర్లో ఉన్నాయి.

“బావా!”

“విప్పట్లేదురా, చూస్తున్నా!”

“ఇంకా విప్పడానికేం మిగిలింది? నా కొంప ముంచావు కదయ్యా!”

“అరవకు, చెయ్యి వణుకుతోంది.”

బావమరిది కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ బల్లకీ తిరిగాడు. అక్కకి ఫోన్ చేశాడు.

“నీ గడియారం జేబులోనే ఉందా?” అంది అక్క.

“ఆఁ, ఉంది.”

“అయితే అదృష్టవంతుడివే,” అని పెట్టేసింది.

ఆఖరి స్క్రూ బిగించేసరికి మాస్టారు రానే వచ్చాడు. స్పీకరుకి తగిలించిన గిటారు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడూ జేబులో దాచుకునే ఎడంచెయ్యి బయటికి తీశాడు. బావమరిది ఆ చేతిని అప్పుడే సరిగా చూశాడు. కణుపులు వాచి, వేళ్ళు వంకర్లు పోయున్నాయి. ఇన్నాళ్ళూ నాదం లేక కాదన్నమాట!

మాస్టారు భయం భయంగా తీగ నొక్కాడు. తేలిగ్గా పలికింది. ఇంకోటి నొక్కాడు. అంతే, ఇక ఆగలేదు. పాట మీద పాట, కొట్టు అద్దాలు గడగడలాడాయి.

“చూశావటయ్యా! పాత పనితనమంటే ఇదీ! వెన్నలా ఉంది. నీ కొట్లో ఇన్నాళ్ళూ సరుకే బాలేదు!”

“అవునండీ, కంపెనీ చేతి మహిమ,” అన్నాడు బావ, ఏమీ ఎరగనట్టు.

మాస్టారు గిటారుతో సహా వెళ్ళాక బావమరిది అడిగాడు, “ఏం చేశావు బావా?”

“సన్నతీగలేసి మెడకి బాగా దగ్గరగా దించాను, వేలు ఆనిస్తే చాలు.”

“మరి ఆయన వేళ్ళ సంగతి నీకెవరు చెప్పారు?”

“చెప్పడమేమిట్రా, వారం వారం వస్తున్నాడుగా, తీగ నొక్కబోయి ఆ చెయ్యి జేబులో దాచేసుకుంటాడు. విప్పలేదు, చూశానంతే!”

బావమరిది జేబులోంచి గడియారం తీసి ఆయన ముందు పెట్టాడు.

“ఇదీ కాస్త చూడు బావా.”

స్క్రూడ్రైవరు అప్పటికే బయటికొచ్చేసింది.