డోరా ఆంటీ కాళ్లకంటిన ఇసక

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆదివారం చర్చికి వెళ్తాను, పోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారనుకుంటాను, అంతే. అందుకే ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా నోరు పెగలదు.

ఎనభైల చివర్లో మాట. మా ఆయన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టర్. నేను పగలంతా డోరా ఆంటీ దగ్గర పనికుండేదాన్ని. ఆవిడ పాత రైల్వే బంగళాల వైపు ఒంటరిగా ఉండే ఆంగ్లో ఇండియన్ ముసలావిడ. తుంటి విరిగి ఏళ్ల తరబడి మంచం మీదే ఉంది. ఆవిడకి వండి, ఒళ్లు తుడిచి, పక్క మార్చి ఇంటికెళ్తే అక్కడ మళ్లీ వంట, గిన్నెలు, పిల్లలు. ఆ రోజులు తలుచుకుంటే ముందు ఒళ్లునొప్పులే గుర్తొస్తాయి.

ఆవిడ తండ్రి ఇంగ్లండు పక్కన వేల్స్‌లో ఒక చిన్న ఊరి నుంచి బాయిలర్ల పనికి ఇక్కడికొచ్చాడట. ఆంటీ ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. అయినా తెలుగూ హిందీ కలిపి రోజూ ఆ ఊరి సంగతులే చెప్పేది.

కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకున ఒకటే వీధి. పిల్లలు రాసుకునే పలకలకి వాడే రాయి ఆ కొండలోనే తవ్వేవారట. ఇళ్ల కప్పులూ ఆ రాయే. ఓడల్లో దేశదేశాలకీ పంపేవారు. తర్వాత రైలొచ్చింది, ఓడలు రావడం మానేశాయి, కుర్రాళ్లు పని వెతుక్కుంటూ తలో దిక్కూ పోయారు. ఒక తుఫానుకి కింది వరస ఇళ్లని సముద్రం తినేసింది. వాళ్ల ఇల్లూ అందులోనే పోయింది. నీళ్లు వెనక్కి తీసినప్పుడు మొండిగోడలు తేలేవట. వాళ్ల నాన్న ఆ గోడల మధ్య తిరుగుతూ తమ గడప వెతికేవాడట.

“బస్ ఏక్ బార్, రత్నా. ఆ గడప మీద ఒక్కసారి నిలబడాల,” అనేది. నేను ఊఁ కొడుతూ బట్టలు మడతపెట్టుకునేదాన్ని.

ఆఖరి వారం ఆవిడకి తెలివి లేదు, రాత్రుళ్లు కూడా నేనే కనిపెట్టుకుని ఉన్నాను. ఇంక కదపొద్దన్నాడు డాక్టరు. ఒక మధ్యాహ్నం, ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న మా అమ్మ నాకు అన్నం కేరియర్ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మ పుట్టిల్లు భీమిలి దగ్గర, చేపలు పట్టేవాళ్ల ఊరు.

“ఏటే ఇది? సముద్రం వాసనొస్తంది.”

అప్పుడు నాకూ తెలిసింది. బయట వడగాలి కొడుతోంది. గదిలో మాత్రం చలి. డోరా ఆంటీ కళ్లు తెరిచి ఉంది. పక్క తడిపిందేమోనని దుప్పటి తీశాను. గౌను మోకాళ్ల దాకా తడిసి ఉంది, కానీ అది ఆ తడి కాదు. పాదాలు ఐసుముక్కల్లా ఉన్నాయి. వేళ్ల సందుల్లో నల్లటి ఇసక. నేల మీద మాత్రం ఒక్క చుక్క నీళ్లు లేవు.

అమ్మ ఆ ఇసక అరచేతిలో నలిపి, వేలు నాలుకకి ఆనించుకుంది.

“ఉప్పే. మన సముద్రం ఇసక కాదు గానీ. అన్నీ పలకముక్కలే.”

“దొరికింది, రత్నా. మిల్ గయా,” అంది డోరా ఆంటీ, నీరసం లేని గొంతుతో. దీపాలు పెట్టేవేళకి పోయింది.

పాస్టరుగారికి చెబితే, రాత్రుళ్లు నిద్రలేక నాకలా అనిపించి ఉంటుందన్నారు. నిద్ర లేనిమాట నిజమే. కానీ అమ్మ ఇంట్లో హాయిగా పడుకుని వచ్చిందే!

ఆ ఇసక కొంచెమైనా ఎందుకు దాచలేదని మా అమ్మాయి అడుగుతుంది. శవానికి స్నానం చేయించాలి, పక్కబట్టలు ఉతకాలి, ఇంటి దగ్గర పిల్లలు ఆకలితో చూస్తుంటారు. ఆవిడ కాళ్లు కడిగి, ఆ నీళ్లతో పాటే ఇసకనీ పెరటి కాలవలో పారబోశాను. అది ఎలా వచ్చిందని ఆలోచించే ఓపిక కూడా ఆవేళ లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.